హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో రక్త క్యాన్సర్ అనుమానం వస్తే ఏం చేయాలి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ల కోసం

హెచ్‌ఐవీ ఉన్న మనిషికి మెడలో గడ్డ కట్టి, సాయంత్రం పూట జ్వరం వస్తూ, ఒళ్లు తగ్గిపోతుంటే రాయగడలోనైనా బరంపురంలోనైనా ముందు వచ్చే అనుమానం టీబీ. ఆ అనుమానం తప్పు కాదు. మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా పీడించే జబ్బు టీబీయే. చిక్కల్లా ఏమిటంటే, లింఫోమా అనే రక్త క్యాన్సర్ కూడా ఇవే లక్షణాలతో వస్తుంది. టీబీ మందులు మొదలుపెట్టి, ఒక నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అనుకుంటూ ఉండగానే అది ముదిరిపోతుంది. వీటిలో కొన్ని రకాలు నెలల్లో కాదు, వారాల్లో పెరుగుతాయి. సరైన సమయంలో పట్టుకుంటే మాత్రం చాలావరకు వైద్యానికి లొంగుతాయి. కొన్ని పూర్తిగా నయమవుతాయి కూడా.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కొరాపుట్, బరంపురం ప్రాంతాల్లో ఉండే తెలుగు కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. రోగికీ, రోగి వెంట ఆసుపత్రుల చుట్టూ తిరిగే మనిషికీ. వైద్యం డాక్టర్లే చేస్తారు. కానీ ఏ పరీక్ష గురించి అడగాలో, ఏ కాగితం దగ్గర పెట్టుకోవాలో, ఏ మాత్ర వాడుతున్నామో నోరు విప్పి చెప్పాలని తెలిసిన మనిషి పక్కన ఉంటే రోగికి ఎంతో సమయం కలిసొస్తుంది.

ముందు రోగాల సంగతి

రక్త క్యాన్సర్ అనగానే లుకేమియా గుర్తొస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది అది కాదు, లింఫోమా. ఇన్‌ఫెక్షన్లతో పోరాడే లింఫ్ కణాలే అదుపు తప్పి పెరిగితే దాన్ని లింఫోమా అంటారు. ఎక్కువ మందికి వచ్చేది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ రకం. దాని తర్వాత బర్కిట్, హాడ్జ్‌కిన్. ఇవి కాక, మామూలు జనంలో బాగా అరుదుగా ఉండి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపించేవి ఇంకొన్ని ఉన్నాయి. వాటి దగ్గరే రోగనిర్ధారణ ఎక్కువగా దారి తప్పుతుంది.

మొదటిది ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా. 1997లో హెచ్‌ఐవీ రోగుల నోట్లో వచ్చిన గడ్డలను పరిశీలించి దీన్ని తొలిసారి వేరే రకంగా గుర్తించారు. చిగురు మీదో దవడలోనో వాపుగా మొదలవుతుంది. పన్ను కదులుతుంది. పన్ను నొప్పి అనుకుని పీకిస్తారు, పీకిన చోట పుండు మానదు, పైగా కండ పెరుగుతుంది. మన వైపు గుట్కా, గుడాఖు వాడకం ఎక్కువ కాబట్టి చూసినవాళ్లు వెంటనే పొగాకు క్యాన్సర్ అనేస్తారు. రెండింటి వైద్యం పూర్తిగా వేరు. పన్ను పీకిన గాయం రెండు మూడు వారాలకీ మానకపోతే, ఆ మనిషికి హెచ్‌ఐవీ ఉంటే, అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే.

రెండోది ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా. ఇందులో చాలామందికి గడ్డే ఉండదు. ఛాతీలోనో, పొట్టలోనో, గుండె చుట్టూ ఉండే పొరలోనో నీరు చేరుతుంది. సూదితో తీసినా మళ్లీ చేరుతుంది. దీనికి కారణం 1994లో కనుగొన్న హెచ్‌హెచ్‌వీ-8 అనే వైరస్. ఇదే వైరస్ క్యాసిల్‌మన్ అనే ఇంకో జబ్బునూ తెస్తుంది. ఆ జబ్బులో జ్వరం కొన్నాళ్లు వచ్చి, తగ్గి, మళ్లీ వస్తుంది. ప్లీహం పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది. క్యాసిల్‌మన్‌ను కచ్చితంగా క్యాన్సర్ అనలేం గానీ లింఫోమాగా మారే ప్రమాదం ఉంది కాబట్టి అంతే గట్టిగా పట్టించుకోవాలి.

ఇక మెదడులో మొదలయ్యే లింఫోమా. సీడీ4, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంత ఉందో చెప్పే రక్తకణాల లెక్క, బాగా పడిపోయి, ముఖ్యంగా 50 కంటే తక్కువకు వచ్చినవాళ్లలో ఇది వస్తుంది. ఒకవైపు చేయి కాలు బలహీనపడటం, మాట తడబడటం, ఫిట్స్, మనిషి ప్రవర్తనలో మార్పు. టాక్సోప్లాస్మా అనే ఇన్‌ఫెక్షన్ కూడా స్కానింగ్‌లో దాదాపు ఇలాగే కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు ముందు ఆ ఇన్‌ఫెక్షన్‌కు మందులిచ్చి, సుమారు రెండు వారాల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తారు. ఆ రెండో స్కాన్‌ను వదిలేసి ఇంటికి రావద్దు. మచ్చలు తగ్గాయా లేదా అన్నదాని మీదే తర్వాతి నిర్ణయం ఉంటుంది.

‘మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదు, సీడీ4 నాలుగొందలు ఉంది, నాకెందుకు వస్తుంది’ అని అడిగేవాళ్లున్నారు. రావచ్చు. బర్కిట్, హాడ్జ్‌కిన్ రకాలు సీడీ4 బాగానే ఉన్నవాళ్లకూ వస్తాయి. మాత్రలు వాడటం వల్ల ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

ఎప్పుడు ఆగకుండా బయలుదేరాలి

గడ్డ రెండు సెంటీమీటర్ల కంటే పెద్దగా ఉండి నెలలోపు తగ్గకపోతే. వారం వారం పెరుగుతుంటే ఆ నెల కూడా ఆగొద్దు. ఆరు నెలల్లో బరువు పదో వంతు తగ్గితే, రాత్రి పక్కబట్టలు మార్చాల్సినంత చెమట పడితే, కారణం దొరకని జ్వరం సాగుతుంటే. టీబీ మందులు నెల, నెలన్నర క్రమం తప్పకుండా వాడినా గడ్డ పెరుగుతూనే ఉంటే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో పెట్టే మాత్రలు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో రోగనిరోధక శక్తి తిరిగి పుంజుకునే వేళ, టీబీ గడ్డలే కొన్నాళ్లు ఉబ్బి కనిపించవచ్చు. అది మందు పని చేయడం లేదని కాదు. కానీ అది టీబీ ఉబ్బా, లింఫోమానా అన్నది చేత్తో తడిమి చెప్పగలిగిన సంగతి కాదు. అనుమానం ఉంటే ముక్క తీయాల్సిందే.

రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి వైపు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన దగ్గర మలేరియా ఉంది, సికిల్ సెల్ ఉంది. జ్వరం, రక్తం తక్కువ, ప్లీహం పెద్దది అనగానే ఆ రెండింటి మీదికే ధ్యాస పోతుంది. వాటికి పరీక్ష చేయించండి, తప్పకుండా. అవి లేవని తేలాక మాత్రం ‘ఏదో వైరల్’ అని సరిపెట్టుకోవద్దు. మామూలు రక్తపరీక్షతో పాటు ఎల్‌డీహెచ్ అనే పరీక్ష రాయమని అడగండి. ఖర్చు తక్కువ. అది బాగా ఎక్కువగా ఉంటే లింఫోమా అని తేలిపోయినట్టు కాదు గానీ తొందరపడాల్సిన అవసరం ఉందని డాక్టర్‌కు తెలుస్తుంది.

ముక్క పరీక్ష (బయాప్సీ): అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. రోగి జీవితం చాలాసార్లు ఇక్కడే మలుపు తిరుగుతుంది.

మన ఊళ్లలో గడ్డకు మామూలుగా చేసేది సూది పరీక్ష, ఎఫ్‌ఎన్‌ఏసీ. సన్న సూదితో కొన్ని కణాలు లాగి అద్దం మీద పూసి చూస్తారు. టీబీని పట్టడానికి అది పనికొస్తుంది. లింఫోమాకు చాలదు. లింఫోమా రకం తెలియాలంటే గడ్డ లోపలి అమరిక మొత్తం కనిపించాలి, దాని మీద ఎన్నో రంగుల పరీక్షలు చేయాలి. అందుకు గడ్డను మొత్తంగా తీయాలి. గడ్డ లోతుగా ఉంటే కనీసం స్కానింగ్‌లో చూస్తూ లావు సూదితో కోర్ బయాప్సీ చేయాలి. డాక్టర్‌ను ఇలా అడగండి: “సార్, సూది పరీక్ష బదులు గడ్డ మొత్తం తీసి పంపడానికి వీలవుతుందా? హెచ్‌ఐవీ ఉంది కాబట్టి లింఫోమా కూడా చూడాలి కదా.” మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఏ గడ్డ తీయాలో ఎంచుకునే వీలుంటే గజ్జల్లోది కాకుండా మెడలోదో, పెరుగుతున్నదో తీయడం మేలు. గజ్జల గడ్డలు కాళ్ల పుండ్ల వల్ల కూడా ఉబ్బుతుంటాయి.

తీసిన గడ్డ సీసాలోకి ఎలా వెళ్తుందన్నది చాలామంది పట్టించుకోరు. పెద్ద భాగం పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ముక్కకు పదింతల ద్రవం ఉండాలి. ముక్క మునగడమే కాదు, చుట్టూ ద్రవం ఆడుతూ ఉండాలి. చిన్న సీసాలో పెద్ద గడ్డను కుక్కితే బయటి పొర గట్టిపడి లోపల కుళ్లిపోతుంది. తర్వాత ఎంత పెద్ద ల్యాబ్‌కు పంపినా రంగు సరిగ్గా పట్టదు. ఇంకో చిన్న ముక్కను మాత్రం ఫార్మలిన్‌లో వేయకుండా, శుభ్రమైన వేరే సీసాలో సెలైన్‌లో పెట్టి టీబీ కోసం సీబీనాట్ పరీక్షకూ, కల్చర్‌కూ పంపాలి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో టీబీ క్రిమి పెరగదు. ఆపరేషన్‌కు లోపలికి వెళ్లే ముందే సిస్టర్‌ను అడగండి: “అమ్మా, రెండు సీసాలు సిద్ధంగా ఉన్నాయా?” ఒకే ఆపరేషన్‌లో రెండు ప్రశ్నలకూ జవాబు వస్తుంది. టీబీ, లింఫోమా రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు.

సీసా మీద పేరు చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. మన ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఒడిశా కాగితాల్లో చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, ఆసుపత్రి చీటీలో ఇంకోలా, ల్యాబ్ రిపోర్టులో మూడోలా పేరు పడితే రేపు బీమా కార్డు దగ్గర ఆపేస్తారు. ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే అన్నిచోట్లా రాయించండి.

ముక్క తీసేదాకా స్టెరాయిడ్ మందులు వాడొద్దు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ లాంటివి ఇస్తే లింఫోమా గడ్డ కొన్నాళ్లు కరిగినట్టే కనిపిస్తుంది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొస్తుంది. కానీ అప్పుడు తీసిన ముక్కలో అసలు కణాలు దొరకవు. నెల తర్వాత జబ్బు రెట్టింపు బలంతో తిరిగి వస్తుంది. ఊళ్లో ఇంజక్షన్ చేయించుకునే అలవాటు ఉంటే ఏ మందు ఎక్కిస్తున్నారో అడిగి, ఖాళీ సీసా దాచి డాక్టర్‌కు చూపించండి. మెదడు వాపుతో ప్రాణం మీదికి వచ్చినప్పుడు స్టెరాయిడ్ తప్పదు, ఆ నిర్ణయం డాక్టర్‌దే.

ఛాతీలోనో పొట్టలోనో నీరు ఉంటే, తీసిన నీటిని ఏడీఏ పరీక్షకు పంపి, అది ఎక్కువగా ఉందని టీబీ అని తేల్చేయడం మన వైపు మామూలు. లింఫోమా నీటిలో కూడా ఏడీఏ పెరుగుతుంది. కాబట్టి అదే నీటిని సైటాలజీకీ (కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష), సెల్ బ్లాక్‌కూ పంపమని అడగండి. వీలుంటే కణాల మీది గుర్తులను యంత్రంతో పట్టే ఫ్లో సైటోమెట్రీకి కూడా. సెల్ బ్లాక్ అంటే నీటిలోని కణాలను గట్టిపరిచి ముక్కలా తయారుచేయడం. దాని మీద హెచ్‌హెచ్‌వీ-8 పరీక్ష చేయవచ్చు. నీరు తీయగానే ల్యాబ్‌కు చేరాలి, ఎండలో బస్సులో తిరగకూడదు.

రిపోర్టు చేతికొచ్చాక

జిల్లా ల్యాబ్ రిపోర్టులో చాలాసార్లు ‘లింఫోమా కావచ్చు, ఐహెచ్‌సీ చేయించండి’ అని ఉంటుంది. లేదా ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పలేని క్యాన్సర్ అని ఉంటుంది. అది ముగింపు కాదు, సగం దారి. ఐహెచ్‌సీ అంటే కణం మీద ఉండే గుర్తులను రంగులతో పట్టే పరీక్ష. దాని కోసం మీరు ల్యాబ్ నుంచి మైనపు బ్లాకునూ, అద్దాలనూ అడిగి తీసుకోవాలి. బ్లాకు అంటే చిన్న మైనపు పలక, అందులో మీ వాళ్ల గడ్డ ముక్క ఉంటుంది. అది ఉంటే మళ్లీ కోయాల్సిన పని ఉండదు. దాన్ని ఎండ తగలకుండా డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. వేసవిలో బరంపురం నుంచి రైల్లో వెళ్తూ కిటికీ పక్కన పెట్టారంటే మెత్తబడి పాడవొచ్చు.

రిపోర్టులో చూడాల్సిన కొన్ని మాటలు చెబుతాను. సీడీ20 అన్న గుర్తు ఉంటే రిటుక్సిమాబ్ అనే మందు పని చేసే అవకాశం ఉంది. ప్లాస్మాబ్లాస్టిక్ రకంలో సీడీ20 ఉండదు, సీడీ138, మమ్1 అనేవి ఉంటాయి. సీడీ45 కూడా మసకగా ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. అందుకే దీన్ని మామూలు క్యాన్సర్ అనో, మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ అనో పొరబడతారు. ఈబర్ అనే పరీక్ష ఎప్‌స్టీన్ బార్ వైరస్‌ను చూపిస్తుంది. ప్లాస్మాబ్లాస్టిక్‌లో ఎక్కువ మందికీ, హెచ్‌ఐవీతో వచ్చే హాడ్జ్‌కిన్‌లో దాదాపు అందరికీ అది పాజిటివ్‌గా వస్తుంది. కేఐ-67 అన్నది కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే శాతం. బర్కిట్‌లో అది వందకు దగ్గరగా ఉంటుంది. అలాంటి రిపోర్టు చేతిలో ఉంచుకుని దసరా అయ్యాక వెళ్దాం, కోతలయ్యాక వెళ్దాం అనుకోవద్దు. ఆ వారంలోనే వెళ్లాలి.

ముక్కను పరీక్షించే డాక్టర్‌కు రోగికి హెచ్‌ఐవీ ఉందని తెలియాలి. పరీక్ష చీటీలో ఆ మాట లేకపోతే ఈ అరుదైన రకాల గురించి ఆయన ఆలోచించకపోవచ్చు. సిగ్గుపడి దాచిన ఆ ఒక్క మాట వల్ల సరైన రంగు పరీక్ష జరగకుండా పోవచ్చు.

రకం తేలాక జబ్బు ఎంతవరకు పాకిందో చూస్తారు. పెట్ సీటీ, అది కుదరకపోతే సీటీ. ఎముక మజ్జ పరీక్ష, కొన్ని రకాల్లో వెన్నులోంచి నీరు తీయడం, గుండెకు ఎకో. హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరి, ఎందుకో కింద చెబుతాను.

ఎక్కడికి వెళ్లాలి

కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి, బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. మొదటి పరీక్షలకు, బయాప్సీకి అక్కడ మొదలుపెట్టవచ్చు. క్యాన్సర్ వైద్యానికి కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి, భువనేశ్వర్‌లో ఎయిమ్స్, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. రాయగడ, జయపురం వాళ్లకు రైలు విశాఖకే సులువు, భాష కూడా తెలుగే. గంజాం వాళ్లకు కటక్ దారి కూడా పెద్ద కష్టం కాదు. నా సలహా ఏమిటంటే, దగ్గర అన్నది ఒక్కటే కాదు, అక్కడ లింఫోమా చూసే డాక్టరూ, ఏఆర్‌టీ కేంద్రమూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలుందా అని చూసి ఎంచుకోండి.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. మనం తెలుగువాళ్లమైనా రేషన్ కార్డు ఒడిశాది అయితే ఆంధ్ర వాళ్ల ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ మనకు వర్తించదు. విశాఖ వెళ్లాక ఈ సంగతి తెలిసి వెనక్కి వచ్చే కుటుంబాలుంటాయి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఆ కార్డు ఆ పథకంలో ఉన్న ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. బయలుదేరే ముందే ఫోన్ చేసి, ఫలానా జబ్బుకు మీ దగ్గర ఈ కార్డు తీసుకుంటారా అని అడగండి. మంజూరు వచ్చాకే చికిత్స మొదలవుతుంది కాబట్టి ఆధార్, కార్డు, బయాప్సీ రిపోర్టు మొదటి రోజే చేతిలో ఉండాలి. క్యాన్సర్ రోగి చికిత్సకు వెళ్లే రైలు టికెట్‌కు రాయితీ ఉంది. ఆసుపత్రి వాళ్లు నింపి ఇచ్చే ఫారం ఉంటే చాలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఒడిశాలో మధుబాబు పెన్షన్ కూడా వస్తుంది, పెట్టుకోకపోతే పెట్టుకోండి.

ఏఆర్‌టీ ఆపొద్దు, కానీ ఏ మందో చెప్పండి

కీమో మొదలైతే ఏఆర్‌టీ మాత్రలు మానేయాలని చాలామంది అనుకుంటారు. మానకూడదు. వైరస్ అదుపులో ఉంటేనే కీమోను తట్టుకునే శక్తి ఉంటుంది. పైగా ఏఆర్‌టీలో ఉండే టెనోఫోవిర్, లామివుడిన్ మందులు హెపటైటిస్ బి వైరస్‌ను కూడా అణిచి ఉంచుతాయి. అది ఉన్న మనిషి వాటిని ఆపితే, రిటుక్సిమాబ్ కూడా పడితే, కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. ఆ పరీక్ష ముందే చేసేది అందుకే.

ఇప్పుడు మన దేశంలో ఎక్కువ మంది వాడేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒక్క మాత్ర. కీమో మందులతో దీనికి పెద్ద గొడవ లేదు. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కీమో వల్ల కడుపులో మంట అని తాగే తెల్లటి యాంటాసిడ్ మందు, ఐరన్, కాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఏఆర్‌టీ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతే యాంటాసిడ్ తాగాలి. ముందే తాగేసి ఉంటే ఆరు గంటలు ఆగి మాత్ర వేసుకోవాలి. రెండోది, డోలుటెగ్రావిర్ వల్ల కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ అంకె కొంచెం పెరుగుతుంది, కిడ్నీ పాడవకపోయినా. ఆ సంగతి క్యాన్సర్ డాక్టర్‌కు తెలిస్తే అనవసరంగా కీమో వాయిదా వేయరు. టీబీకి రిఫాంపిసిన్ కూడా వాడుతుంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. అదనపు మాత్ర ఏఆర్‌టీ కేంద్రంలో ఇస్తారు.

పాత మందుల మీద ఉన్నవాళ్ల విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. రిటోనావిర్ కలిసిన మందులు, అంటే అటాజనావిర్, లోపినావిర్ వాడేవాళ్లకు విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఎక్కిస్తే అది ఒంట్లోంచి త్వరగా పోదు. కాళ్లు చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, పేగు కదలిక ఆగిపోయి పొట్ట ఉబ్బిపోతుంది. అటాజనావిర్‌కు పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర కూడా పడదు, కీమో చీటీలో మాత్రం అది మామూలుగా రాసేస్తారు. జిడోవుడిన్ అనే ఏఆర్‌టీ మందు ఎముక మజ్జను అణిచేస్తుంది, కీమో చేసేదీ అదే. వీటిలో ఏది వాడుతున్నా కీమో మొదటి సీసా పెట్టకముందే ఏఆర్‌టీ డాక్టర్‌ను కలిసి మందు మార్చవచ్చేమో అడగండి. మీ అంతట మీరు మానేయడం, మార్చుకోవడం వద్దు.

దీనికి మీ దగ్గర ఉండాల్సిన ఆయుధం ఏఆర్‌టీ పుస్తకం. అందులో మందు పేరు, సీడీ4, వైరల్ లోడ్ (రక్తంలో హెచ్‌ఐవీ ఎంత ఉందో చెప్పే అంకె) అన్నీ ఉంటాయి. అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, పుస్తకం కూడా తీసుకెళ్లండి. ఆసుపత్రి ఊళ్లో నెలలు ఉండాల్సి వస్తే ఇక్కడి కేంద్రంలో ముందే చెప్పి అక్కడి కేంద్రానికి ఉత్తరం రాయించుకోండి. సూరత్ మిల్లుల్లో పని చేస్తూ అక్కడే మందులు తీసుకునే గంజాం వాళ్లకు కూడా ఇదే పద్ధతి. మాత్రలు అయిపోయాక పరుగెత్తడం కాదు, వారం ముందే సర్దుకోవాలి.

కీమో ఏ రకం అన్నది డాక్టర్ తేలుస్తారు. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. చాప్ అనే నాలుగు మందుల కీమో బయటి రోగిగా ఉండి చేయించుకోవచ్చు కాబట్టి అందరికీ సులువు. బర్కిట్‌కు, ప్లాస్మాబ్లాస్టిక్‌కు అది చాలదని డాక్టర్లు అంటారు. వాటికి ఈపాక్ లాంటి గట్టి పద్ధతి మంచిది. అందులో కొన్ని మందులు నాలుగు రోజులు, తొంభై ఆరు గంటలు, ఆగకుండా ఎక్కిస్తారు, ఆసుపత్రిలో ఉండాలి. హాడ్జ్‌కిన్‌కు ఏబీవీడీ. క్యాసిల్‌మన్‌కు రిటుక్సిమాబ్ ముఖ్యమైన మందు. ‘హెచ్‌ఐవీ ఉంది కదా, తక్కువ డోసు ఇద్దాం’ అని ఎవరైనా అంటే కారణం అడగండి. ఏఆర్‌టీ సరిగ్గా పని చేస్తున్న మనిషికి పూర్తి వైద్యమే ఇవ్వాలన్నది ఇప్పటి పద్ధతి. హాడ్జ్‌కిన్‌లో, డిఫ్యూజ్ లార్జ్ బి సెల్‌లో ఇలాంటివాళ్ల ఫలితాలు హెచ్‌ఐవీ లేనివాళ్లకు దగ్గరగా ఉన్నాయి. ప్లాస్మాబ్లాస్టిక్, ఎఫ్యూజన్ రకాలు ఇంకా మొండివే. వాటి గురించి డాక్టర్‌తో దాపరికం లేకుండా మాట్లాడి నిర్ణయించుకోవాలి.

కీమో రోజుల్లో ఇంటి దగ్గర

ఒక థర్మామీటర్ కొనండి. చేత్తో తాకి చూడటం చాలదు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది ఎమర్జెన్సీ. తెల్ల కణాలు పడిపోయిన మనిషికి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. గుణుపురం నుంచి విశాఖ చేరేలోపు ఆలస్యమవుతుంది కాబట్టి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ‘కీమో అయి ఇన్ని రోజులైంది’ అని మొదటి మాటగా చెప్పండి. డిశ్చార్జ్ చీటీ, క్యాన్సర్ డాక్టర్ నంబరు ఎప్పుడూ జేబులో ఉండాలి. మలేరియా పరీక్ష కూడా అక్కడే చేయించండి. దోమతెర వదలొద్దు.

మొదటి కీమో తర్వాత మూడు నాలుగు రోజులు మూత్రం ఎంత వస్తోందో గమనించండి. పెద్ద గడ్డ ఒక్కసారిగా కరిగితే అందులోని యూరిక్ యాసిడ్, పొటాషియం రక్తంలోకి వచ్చి కిడ్నీని, గుండెను దెబ్బతీస్తాయి. బర్కిట్‌లో ఈ ముప్పు ఎక్కువ. అందుకే సెలైన్, అల్లోప్యూరినాల్ ఇస్తారు, రోజూ రక్తపరీక్ష చేస్తారు. ఇంటికి పంపేయమని తొందరపెట్టొద్దు.

తిండి విషయం. పఖాళ లేకపోతే మనకు వేసవి గడవదు. కానీ తెల్ల కణాలు తక్కువగా ఉన్న రోజుల్లో రాత్రంతా నీళ్లలో నానిన అన్నం, పులియబెట్టిన అంబలి వద్దు. అప్పుడే వండిన వేడి అన్నం, అప్పుడే కాచిన రాగి జావ, బాగా ఉడికిన గుడ్డు, పప్పు పెట్టండి. నీళ్లు మరగకాచి చల్లార్చాలి. చెట్ల మందులు, ఆకు పసర్లు ఈ నెలల్లో పూర్తిగా ఆపాలి. కొన్నింటికి కాలేయాన్ని దెబ్బతీసే గుణం ఉంటుంది, కొన్ని మందులతో కలిసి ఏం చేస్తాయో ఊహించలేం.

ఇన్‌ఫెక్షన్లు రాకుండా కాపాడే కోట్రిమాక్సజోల్ మాత్ర సీడీ4 ఎంత ఉన్నా కీమో నెలల్లో ఇస్తారు. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కువ డోసులో ఎక్కించే రోజుల్లో మాత్రం దాన్ని ఆపమంటారు, ఆ రోజులు అడిగి రాసుకోండి. తెల్ల కణాలు పెరగడానికి ఇచ్చే ఇంజక్షన్‌ను ఫ్రిజ్‌లో ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో పెట్టించి ఏఎన్‌ఎం చేత రోజూ వేయించుకోవచ్చు.

కీమో జరిగే నెలల్లో సీడీ4 సగానికి పడిపోవచ్చు. భయపడొద్దు. మాత్రలు పని చేస్తున్నాయా లేదా అన్నది అప్పుడు వైరల్ లోడే చెబుతుంది, దాన్ని చేయించండి. కీమో ముగిశాక నెలల మీద సీడీ4 మళ్లీ పైకి వస్తుంది.

ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు

క్యాన్సర్ డాక్టర్‌కు, మత్తు డాక్టర్‌కు, ముక్క పరీక్షించేవాళ్లకు హెచ్‌ఐవీ సంగతి తెలియాలి. అత్తగారి ఊరికి, పక్కింటి పిన్నికి, వార్డులో పక్క మంచం వాళ్లకు తెలియాల్సిన అవసరం లేదు. ‘గడ్డ జబ్బుకు వైద్యం జరుగుతోంది’ అంటే చాలు, అది అబద్ధం కాదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి బయట పెట్టడం, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం ఆ చట్టం ప్రకారం తప్పు. మంచం మీద పెద్ద అక్షరాలతో రాసిన అట్ట తగిలించినా, ఆపరేషన్ చేయం పొమ్మన్నా, ముందు ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. మీ ఏఆర్‌టీ కేంద్రం కౌన్సిలర్‌కు చెప్పండి, 1097కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.

రోగి వెంట ఉండే మనిషికి కూడా ఒక మాట. ఒక్కరే అన్నీ మోయొద్దు. నెలల తరబడి ఆసుపత్రి వరండాలో పడుకుంటే ఎవరికైనా టెన్షన్ పెరిగి చిరాకొస్తుంది, అది రోగి మీదికి పోతుంది. అన్నదమ్ములో, బావమరిదో, నమ్మకమైన మరో మనిషిని వంతులకు ఒప్పించండి. రోగి అనుమతితో ఆ మనిషికి మందుల సంగతి ముందే చెప్పి, థర్మామీటర్ ఎక్కడుందో చూపించండి.

కీమో అయిపోయాక

చివరి స్కాన్ బాగుందని చెప్పాక కూడా మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి చూపించుకోవాలి. వేగంగా పెరిగే రకాలు తిరగబెడితే ఎక్కువగా ఆ కాలంలోనే. టీబీ మళ్లీ రావచ్చు కాబట్టి దగ్గు, జ్వరం, బరువు ప్రతిసారీ చెప్పండి. సీడీ4 తిరిగి వచ్చేదాకా కోట్రిమాక్సజోల్ మానొద్దు. ఆడవాళ్లయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా చేయించుకోవాలి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అదీ ఎక్కువే. బయాప్సీ బ్లాకు, మొదటి రిపోర్టు, ఎన్ని కీమోలు ఏ మందులతో అయ్యాయో రాసిన డిశ్చార్జ్ కాగితం, ఈ మూడూ ఒకే కవర్‌లో పెట్టి, ఆ కవర్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.